బావ మొలతాడు

మొన్న నాగర్‌కర్నూల్‌లో రిటైరైన ఉద్యోగులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారంటే నేనూ వెళ్ళి వరుసలో కూర్చున్నాను. రక్తం తీశారు, బీపీ చూశారు, అంతవరకు మర్యాదగానే సాగింది. ఆఖరున ఒక పిల్ల టేపు పట్టుకొచ్చి చొక్కా ఎత్తమంది. పొట్ట చుట్టూ టేపు తిప్పుతుంటే నేను ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్నాను. గాలి వదలండి సార్, నా దగ్గర దాచి ఏం లాభం అని నవ్వింది. షుగరున్నవాళ్ళకు నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటే కిడ్నీలు తొందరగా పాడవుతాయని, ఉప్పు తగ్గించి పొద్దున్నే నడవాలని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆ పాఠం నేను అంతకుముందు ఒకసారి విన్నాను. వనపర్తిలో ఒక డాక్టరు మా బావకు చెబుతుంటే పక్క స్టూలు మీద కూర్చుని విన్నాను. అది రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట.

బావ అంటే మా అక్క మొగుడు. గుర్తొచ్చాడంటే ప్రేమతో గుర్తొచ్చాడని కాదు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఉన్నప్పుడు ఆయన మాట్లాడనివ్వలేదు, పోయాక లోకం మాట్లాడవద్దంటుంది, మరి నేను ఎప్పుడు మాట్లాడాలి?

బావ పెబ్బేరు పశువుల సంతలో దళారి. సంతలో ముందు పొట్ట కనబడేది, తర్వాత ఆయన కనబడేవాడు. విచిత్రమేమిటంటే కాళ్ళు, చేతులు కట్టెపుల్లలే. మెడ మీద నరాలు లెక్కబెట్టవచ్చు. ఉన్నదంతా నడుము చుట్టూనే పోగైంది. ఆ పొట్టను ఆయన దాచుకోలేదు సరికదా, పనిముట్టులా వాడుకున్నాడు. కొనేవాడు ధర దగ్గర మొండికేస్తే ఒక్కో అడుగు ముందుకు వేస్తూ పొట్టతో వాణ్ణి నెట్టుకుంటూ పోయేవాడు. వెనక ఎద్దు, ముందు బావ పొట్ట, మధ్యలో ఇరుక్కున్న రైతు చివరికి సరేననేవాడు. బేరం కుదరగానే అరచేత్తో తన పొట్ట మీద ఒక్కటి చరుచుకునేవాడు. ఆ చప్పుడుకు పక్కనున్న దూడలు బెదిరి కట్టుతాళ్ళు గుంజుకునేవి. పొట్ట లేనోని మాట నిలవదని ఆయన సిద్ధాంతం.

మా వైపు సంతల్లో ధర పైకి చెప్పరు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. అందరికీ అది గుట్టు కాపాడుకునే పద్ధతి, బావకు మాత్రం వేళ్ళు విరిచే అవకాశం. ఎదుటివాడు తను అనుకున్న వేలు అందించేదాకా వదిలేవాడు కాదు. ఒకసారి రాయచూరు వైపు నుంచి వచ్చిన ముసలి రైతు తువ్వాల కిందే నొప్పికి మెలికలు తిరుగుతూ "బిడప్పా, బిడప్పా" అని, వదలమని కన్నడంలో బతిమాలుకోవడం నేను కళ్ళారా చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ముసలాయన చూపుడువేలు ఆ తర్వాత చాలా రోజులు వంగలేదట.

పడుకున్న ఎద్దంటే ఆయనకు అసహ్యం. "పండుకున్న ఎద్దును ఎవడు కొంటడురా" అంటూ తోక మెలిపెట్టేవాడు. అప్పటికీ లేవకపోతే వంగి పళ్ళతో కొరికేవాడు. మూతికి అంటిన నెత్తుటిని, పేడను మోచేత్తో తుడుచుకుని మళ్ళీ బేరంలోకి దిగేవాడు. ఎండిపోయిన ఎద్దును లావుగా చూపించే విద్య కూడా ఆయన దగ్గర ఉండేది. సంతకు తోలేముందు తవుడులో దోసెడు ఉప్పు కలిపి తినిపించేవాడు. దాహానికి అది తొట్టెడు నీళ్ళు తాగేది. డొక్కలు నిండి, ఒళ్ళు నిగనిగలాడుతూ సంతలో నిలబడేది. ఒకటి రెండు రోజుల్లోనే ఆ ఒళ్ళు దిగిపోయేది. నేను అప్పుడు బిజినేపల్లి పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉండేవాణ్ణి కాబట్టి, కొన్నవాళ్ళు ఆ ఎడ్లను నా దగ్గరికే తోలుకొచ్చి ఏదో రోగం తగిలిందని ఏడ్చేవారు. రోగం పేరు మా బావ అని నేను వాళ్ళకు ఎలా చెప్పను? ఇది పద్ధతి కాదు బావా అని ఒకసారి అంటే, ఎడ్లకు సూదులేసేటోనివి సూదులేసుకో, బేరాలు నాకు ఇడువు అని తువ్వాలతో నా మొహం మీద కొట్టి వెళ్ళిపోయాడు.

సంతలో తిప్పే చెర్నకోలనే ఇంటికీ తెచ్చేవాడు. సంతలో అది ఎడ్లకు, ఇంట్లో అక్కకు. కూర చల్లారిందని ఒకనాడు, నీళ్ళు వేడెక్కలేదని ఒకనాడు, ఏ కారణమూ దొరకలేదని ఒకనాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా అక్క దేనికీ ఏడవలేదు. చేయి అడ్డం పెట్టేది కాదు, తప్పుకునేది కాదు, అరిచేది కాదు. నిలబడిన చోటే నిలబడి, ఆయన చేయి అలిసిపోయాక వెళ్ళి పొయ్యి ముందు కూర్చునేది. ఉన్న ఒక్క కూతురు పెళ్ళి చేసుకుని పుణె వైపు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు. నేను గద్వాల పక్కనున్న పుట్టింటికి వచ్చేయమని ఎన్నిసార్లు పిలిచినా అక్క ఒకే మాట చెప్పేది. మా ఇంటి సంగతి నాకు ఇడిచిపెట్టు తమ్మీ, నువ్వు నడుమ రాకు అనేది. నేను ఇంటికి తిరిగొచ్చి నా పశువుల మీద కోపం చూపించేవాణ్ణి.

ఒక వర్షాకాలం బావ కళ్ళు తిరిగి సంతలోనే కూలబడ్డాడు. వనపర్తి తీసుకెళ్ళి పరీక్షలు చేయిస్తే షుగరు, బీపీ ఎప్పటి నుంచో ఉన్నాయని తేలింది. కిడ్నీలు సగానికి పైగా పని మానేశాయి. డాక్టరు నెమ్మదైన మనిషి. బావను బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి కొవ్వంతా నడుము చుట్టూ చేరడమే అన్నిటికన్నా చెడ్డదని చెప్పాడు. బయటికి కనబడే పొట్ట కొంతే, లోపల పేగుల చుట్టూ, కిడ్నీల చుట్టూ పేరుకున్నది వేరే ఉంది, అది షుగరును, బీపీని ఎగదోస్తుంది, ఉన్న కిడ్నీలు ఎక్కువ బరువు లాగి తొందరగా అరిగిపోతాయి అన్నాడు. పోయింది రాదు, నడుము తగ్గిస్తే ఉన్నది నిలుస్తుంది, లేకపోతే మిషన్ పక్కన పడుకుని నెత్తురు కడిగించుకోవాలి అన్నాడు.

బావ బల్ల మీది నుంచి లేచి డాక్టరు చొక్కా పట్టుకున్నాడు. పొట్ట ముందుంది, కిడ్నీ వెనకుంది, దీనికీ దానికీ ఏం సంబంధమని అడిగాడు. నేను, బయట కూర్చున్న ఇద్దరు రోగులు కలిసి విడిపించాము. డాక్టరు గుండీ ఒకటి ఊడి నేల మీద దొర్లింది. ఆయన దాన్ని తీసి జేబులో వేసుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఇంత ఓపిక నాకు జన్మలో రాదు.

ఇంటికొచ్చాక మొదటి రోజు అక్క ఉప్పు తగ్గించిన పప్పు, జొన్నరొట్టె పెట్టింది. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం ఎత్తి విసిరాడు. అంచు తగిలి అక్క కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే అక్క కొంగుతో అదిమిపట్టి, రెండో పళ్ళెంలో అదే పప్పు, అదే రొట్టె పెట్టుకొచ్చింది. అది కూడా విసిరాడు. మూడోసారి పెట్టుకొచ్చేసరికి తిన్నాడు. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు నుంచి తిట్టుకుంటూ తిన్నాడు. ఆయన్ని లొంగదీసింది అక్క మొండితనం కాదు. మిషన్ పక్కన పడుకోవాలన్న మాట. నలుగురి ముందు పడుకోవడమంటే ఆయనకు చావుకన్నా ఎక్కువ.

అప్పుడే అక్కకు మొలతాడు ఆలోచన వచ్చింది. మా వైపు మగవాడి మొలతాడుకు ఒక కట్టు ఉంది. పెళ్ళాం చచ్చిన రోజునే దాన్ని తెంపుతారు. ఆమె బతికుండగా పాతది మార్చాలంటే ముందు కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది విప్పుతారు, ఒక్క క్షణం కూడా నడుము ఒట్టిగా ఉండకూడదు. అక్క గట్టి నూలు పేని, పొట్ట కింద నడుముకు సరిగ్గా ఆనేలా కొత్త మొలతాడు కట్టింది. ఇది వదులైతే నువ్వు గెలుస్తున్నట్టు, బిగుసుకుంటే ఓడుతున్నట్టు అని చెప్పింది. బావకు డాక్టరు మాట ఎక్కలేదుగానీ దారం మాట ఎక్కింది. పేపరు మీద అంకెలు అబద్ధమాడతాయేమోగానీ దారం ఆడదని నమ్మాడు. అది దానంతటది తుంటి మీది నుంచి జారి పడేదాకా మార్చనని సంతలో అందరి ముందు మైసమ్మ మీద ఒట్టేశాడు.

నిజం చెప్పాలంటే ఆ చలికాలం బావ బాగుపడ్డాడు. పెబ్బేరు సంత నుంచి తన ఊరిదాకా నడిచాడు. నెయ్యి, మాంసం, కల్లు మానేశాడు. మొలతాడు వదులైంది. సంతలో పంచె దింపి, దారం కింద రెండు వేళ్ళు దూర్చి, సూడుండ్రి అని కనబడినవాడికల్లా చూపించేవాడు. పొట్ట తగ్గితే మాట నిలవదని ఆటపట్టించిన ఇంకో దళారిని కిందపడేసి గుండెల మీద కూర్చున్నాడు. వనపర్తి డాక్టరు కూడా కిడ్నీలు ఇంకా దిగజారలేదని, ఇలాగే ఉంటే చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చని అన్నాడు. మళ్ళీ రమ్మని తేదీ చెప్పాడు. బావ వెళ్ళలేదు. దారం ఉండగా డాక్టరెందుకని ఆయన లెక్క.

ఎండాకాలం వచ్చింది. దారం మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది. బావ తిండి ఇంకా తగ్గించాడు. అయినా బిగిసింది. పూటకు ఒక రొట్టె, తర్వాత రోజుకు ఒక రొట్టె. ఆకలి ఆగక, పాలమూరు ఎండకు తాళలేక కుండలకు కుండలు మజ్జిగ తాగాడు. మజ్జిగ చలవ, మజ్జిగతో ఒళ్ళు తగ్గుతుందని ఎవరో చెప్పారు. చప్పటి మజ్జిగ గొంతు దిగదు కదా, గుప్పెడు ఉప్పు వేసుకునేవాడు. అది తిండి కాదు కాబట్టి దానికి లెక్క లేదు. మొలతాడు కండలోకి దిగుతుంటే ఆయనకు ఒకటే అర్థమైంది, పెళ్ళాం దొంగతనంగా రొట్టెలో నూనె కలుపుతోందని.

అక్క చేయి విరిగిందన్న కబురు సంత నుంచి వచ్చిన ఒక రైతు నాకు మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు, ఊరికి అది మాట్లాడుకునే సంగతి మాత్రమే. నేను ఆవుకు సెలైన్ ఎక్కిస్తున్నవాణ్ణి అలాగే వదిలేసి బస్సెక్కాను. వనపర్తిలో దిగి, పెబ్బేరు బస్సు మారి, ఆ ఇంటికి చేరేదాకా ఏం చేయాలో ఆలోచించలేదు. చేరాక ఆలోచించే పని పడలేదు.

అక్క వాకిట్లో కూర్చుని ఒంటి చేత్తో చింతపండు గింజలు తీస్తోంది. ఎడమ మణికట్టుకు వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది, పొట్ట మాత్రం మునుపటికన్నా పెద్దది. నన్ను చూసి, నీ అక్క నాకు నూనె పెట్టి సంపుతుంది, అడుగు అన్నాడు. నేను అడగలేదు. వెళ్ళి మొహం మీద గుద్దాను.

బావ మంచం కిందున్న చెర్నకోల అందుకుని నా మెడ మీద, వీపు మీద కొట్టాడు. తోలు తగిలిన చోటల్లా చర్మం లేచింది. ఇరవై ఏళ్ళుగా అక్క తిన్న దెబ్బ ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. నేను చెర్నకోలను పట్టించుకోకుండా కిందికి వంగి, ఆయన కాలు రెండు చేతులతో పట్టుకుని మంచం మీది నుంచి ఈడ్చాను. తల మంచంకోడుకు తగిలి ధన్‌మంది. నన్ను తన్నడానికి ఆయన రెండో కాలు ఎత్తాడు. అప్పుడు నేను పట్టుకున్న కాలు చూశాను. పిక్క మీద నా వేళ్ళు దిగబడిన చోట గుంటలు అలాగే ఉన్నాయి. చేయి తీసినా పూడలేదు. నాలుగు వేళ్ళ గుంటలు, పక్కన బొటనవేలి గుంట.

పశువుల్లో అలాంటి వాపు నేను చూశాను. కొట్టడం ఆపేసి, ఆయన పొట్ట పక్కన వేలితో నొక్కాను. అక్కడా గుంట పడి నిలిచిపోయింది. బావ కూడా చూశాడు.

"బావా, ఇది కొవ్వు కాదు. నీళ్ళు. ఉప్పు తిని నీళ్ళు తాగినవ్. నీ ఎద్దును చేసినట్టే నిన్ను నువ్వు చేసుకున్నవ్."

ఆయన తన బొటనవేలితో మోకాలి కింద నొక్కి, ఆ గుంటనే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయనకు వివరించి చెప్పనక్కర లేకపోయింది. ఉప్పు తిన్న ఎద్దు ఒళ్ళు ఎలా ఉంటుందో ఆ జిల్లాలో ఆయనకన్నా తెలిసినవాడు లేడు. కొంతసేపటికి అక్క చేతికి కట్టిన బద్దల వైపు ఒకసారి చూసి, కర్నూలు బస్సు ఎప్పుడుందని అడిగాడు. తప్పైందని మాత్రం అనలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేనూ ఎదురుచూడలేదు.

కర్నూలులో పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. కిడ్నీలు దాదాపు ఆగిపోయాయని, వెంటనే నెత్తురు కడగాలని, తొడ మొదట్లో గొట్టం పెట్టాలని చెప్పారు. పొట్ట మడత పైకెత్తి చూసిన నర్సు మొహం తిప్పుకుంది. మొలతాడు కండలోకి దిగి, చుట్టూరా పుండై, చీము పట్టి ఉంది. షుగరు మనిషి కాబట్టి నొప్పి ఆయనకు పెద్దగా తెలియలేదు. అది కత్తిరించి పుండు కడగకుండా గొట్టం పెడితే చీము నెత్తుట్లోకి పోతుందన్నారు.

కత్తెర చూడగానే బావకు ఎక్కడ లేని బలం వచ్చింది. వార్డుబాయిని రొమ్ము మీద తన్నాడు. వాడు వెనకనున్న ట్రే మీద పడి సీసాలు పగిలాయి. పట్టుకోబోయిన ఇంకొకడి చేయి కొరికాడు. గుడ్డపీలికలతో చేతులు మంచానికి కట్టేశారు. కట్టేసినా నడుము ఎగరేస్తూ పెనుగులాడాడు. కొత్తది కట్టి పాతది తీయమని అరిచాడు. నడుమంతా పుండైతే కొత్తది ఎక్కడ కడతారు? డాక్టరుకు ఏమీ అర్థం కాక, ఈయనకు దారం మీద ఇంత పట్టుదల ఎందుకని నన్ను అడిగాడు. నేను చెప్పేలోపే బావ చెప్పాడు.

"అది తెంపితే నా పెండ్లాం సస్తది."

గోడకు ఆనుకుని, విరిగిన చేయి మెడకు కట్టుకుని, కనుబొమ్మ మీద మచ్చతో ఆ పెండ్లాం నిలబడి ఉంది. ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. కొట్టి చంపబోయినవాడు, దారం తెగి చస్తుందని ఏడుస్తున్నాడు. ఈ మనిషిని ఏ లెక్కలో వేయాలో నాకు ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు.

అక్క ముందుకొచ్చి నర్సు చేతిలోంచి కత్తెర తీసుకుంది.

"ఇన్నేండ్లు నువ్వు కొడితే సావలే. దారం తెగితే సస్తనా? కదలకు."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అక్క ఒంటి చేత్తో కత్తెర పెట్టి, పుండులోంచి దారం తప్పించి కత్తిరించింది. అది చీముతో, నెత్తుటితో అంటుకుని ఊడి వచ్చింది. బావ కళ్ళు తెరవకుండానే ఉన్నవా అని అడిగాడు. ఉన్న అంది అక్క.

ఆ తర్వాత ఆయనకు ఆ ప్రశ్నే పనైంది. ఆపరేషన్ చేసిన చేతి నరం మిషన్‌కు సిద్ధమయ్యేదాకా తొడలోని గొట్టంతోనే వారానికి రెండు మూడుసార్లు నెత్తురు కడిగేవారు. మేము దవాఖాన దగ్గరే ఒక గది తీసుకున్నాము. మిషన్ పక్కన పడుకుని, కళ్ళు మూసుకుని, కాసేపటికోసారి ఉన్నవా అనేవాడు. ఉన్న అని అక్క జవాబిచ్చేది. జవాబు ఆలస్యమైతే మంచం కమ్మీని పిడికిలితో బాదేవాడు. మారిపోయాడని, మంచివాడైపోయాడని అనుకోకండి. తాగే నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇస్తోందని ఒకరోజు ఆపరేషన్ కాని చేత్తో అక్క చెంప మీద కొట్టాడు. పక్క మంచం రోగి కొడుకు లేచి, ముసలోడా అని మీదికొచ్చాడు. అక్కే వాణ్ణి ఆపి కూర్చోబెట్టింది. నీళ్ళు దిగిపోయాక ఒళ్ళు ఎముకల గూడై, పొట్ట తోలు మాత్రం ఖాళీ సంచిలా పక్కకు వేలాడేది. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, ఇది ముందే పోయుంటే అని ఒకసారి నాతో అన్నాడు.

ఆఖరి రోజు కూడా మిషన్ నడుస్తోంది. ఏదో ఇంజెక్షన్ లేదని, బయట కొనుక్కురమ్మని నర్సు చీటీ ఇస్తే అక్క కిందికి వెళ్ళింది. బావ కునుకు తీస్తున్నాడని చెప్పకుండానే వెళ్ళింది. దుకాణం దగ్గర జనం ఉన్నట్టున్నారు, ఆలస్యమైంది. బావ ఉన్నవా అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ అన్నాడు. మందుకు పోయింది, వస్తది బావా అన్నాను నేను. కళ్ళు తెరిచి నా మొహంలోకి చూశాడు.

"ఎప్పుడు సచ్చిందిరా?"

లేదు బావా, కింద ఉంది, దుకాణం దగ్గర ఉంది అని ఎంత చెప్పినా వినలేదు. నా దగ్గర దాస్తుండ్రు అంటూ లేవబోయాడు. నేను భుజాలు పట్టి మంచానికి అదిమాను. తలతో నా మూతి మీద గుద్దాడు, పెదవి చిట్లింది. ఆ విసురుకు నా పట్టు జారింది. ఆయన చేయి కిందికి పోయి తొడలోని గొట్టాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మిషన్ కూత పెట్టింది. నెత్తురు దుప్పటి మీద, గోడ మీద, నా చొక్కా మీద చిమ్మింది. నేను రెండు చేతులతో తొడ అదిమి నర్సులను పిలిచాను. నెత్తుట్లో నా చేతులు జారిపోతున్నాయి. ఆయన ఇంకా లేవాలనే చూస్తున్నాడు, కాళ్ళు నేలకు దించి తలుపు వైపు ఒరుగుతున్నాడు.

తలుపు దగ్గర అక్క కనబడింది. చేతిలో మందుల కవరు. పరుగెత్తుకు వచ్చి ఆయన ముందు నిలబడింది. బావ ఆమెను చూశాడు. కుడిచేయి పైకి లేచింది. అక్క ఎప్పటిలాగే తప్పుకోలేదు, అడ్డం పెట్టుకోలేదు. ఆ చేయి ఆమె మొహం దాకా వచ్చి, తగలకుండానే పడిపోయింది. నర్సులు వచ్చి ఆయన్ని పడుకోబెట్టి నెత్తురు ఆపారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు, మాట లేదు. మూడోనాడు పోయాడు.

దినాల దగ్గర వచ్చినవాళ్ళందరికీ నేను ఒకటే చెప్పాను. ఆఖరికి బావ అక్క చెంప నిమరడానికి చేయెత్తాడని చెప్పాను. విన్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇన్నేళ్ళ దెబ్బలకు చివర్లో అంతైనా దక్కాలని నా ఆశ. నమ్మి నమ్మి నాకూ అదే నిజమనిపించింది. అక్క ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మొన్న పరీక్షల నుంచి వచ్చి, బావ గుర్తొచ్చాడని, ఎంత చెడ్డవాడైనా ఆఖరికి నీ చెంప నిమరాలనుకున్నాడు కదా అని ఆమెతో కూడా అదే మాట అన్నాను. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"కొట్టనీకే లేపిండు తమ్మీ. నేను చెప్పకుండ పోయిన గద. ఆ చెయ్యి నాకు తెల్వదా? తగిలుంటె మంచిగుండు. నేను బతికే ఉన్నని నమ్మి పోతుండె."